నోట్స్ యాప్ మెషీన్‌ని మింగేస్తుంటే, పొద్దున లేస్తే లాగిన్ అడుగుతుంటే: ఎక్కడ మొదలుపెట్టి ఎలా వెతకాలి

నెల్లూరు జిల్లా విడవలూరు వైపు మా మామకి రొయ్యల గుంటలున్నాయి. గట్టు మీద రేకుల షెడ్డు, అందులో పాత డెస్క్‌టాప్. 4 జీబీ ర్యామ్, తిరిగే రకం హార్డ్ డిస్కు. తెల్లవారుజామున తీసిన డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, సాలినిటీ (ఉప్పదనం), ఏ గుంటకి ఎన్ని కిలోల ఫీడ్ వేశారు, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మిగిలిందెంత, అంతా ఒక నోట్స్ యాప్‌లో రాయిస్తాడు. గుంటకో నోట్‌బుక్. మందుల షాపు బిల్లు, ట్రేలో రొయ్య ఫొటో, అన్నీ అందులోకే. కొన్నాళ్లకి ఫోన్ వచ్చింది.

"ఏందిరా అల్లుడా, ఇది ఏరియేటర్ కన్నా ఎక్కువ మోత పెడతా ఉండాది. పొద్దున లేస్తే పాస్‌వర్డ్ అడగతా ఉండాది. నా కంప్యూటర్లో నేనేమన్నా దొంగనా?"

ఏరియేటర్ అంటే గుంట నీళ్లు చిలికి గాలి ఎక్కించే యంత్రం. మోత, పాస్‌వర్డ్ రెండూ వేరువేరు జబ్బులనుకున్నాను. మూడుసార్లు నెల్లూరు నుంచి బండేసుకుని వెళ్తే గానీ రెండింటికీ వేరు ఒకటేనని తెలియలేదు. మొదటి రెండుసార్లూ తప్పు చోట తవ్వాను. ఇప్పుడైతే ఏ వరసలో వెతుకుతానో అది రాస్తున్నాను. యాప్ పేరు చెప్పను, ఎందుకంటే ఈ బాపతు యాప్‌లన్నీ లోపల దాదాపు ఒకే పనితనం. ఇక్కడ చెప్పేది విండోస్ గురించి.

ముందు నోట్స్‌ని గట్టుకి చేర్చండి

ఏ సెట్టింగూ ముట్టుకోకముందే చేయాల్సిన పని ఇది. సరిగ్గా లేని యాప్‌ని చూడగానే చెయ్యి లాగౌట్ మీదికి పోతుంది. లాగౌట్ కొట్టి లాగిన్ అయితే బాగవుతుందని మనందరికీ ఒక నమ్మకం. చాలా నోట్స్ యాప్‌లలో లాగౌట్ అంటే కంప్యూటర్లో ఉన్న కాపీని చెరిపేయడం. సర్వర్‌కి చేరిన నోట్సు మళ్లీ దిగుతాయి. చేరనివి ఎక్కడా ఉండవు.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసిన పని అదే. "సింక్ కాని మార్పులు ఉన్నాయి" అని పెట్టె వచ్చింది, అంటే సర్వర్‌కి ఇంకా చేరనివి. చదవకుండానే సరే కొట్టాను. షెడ్డులో నెట్ లేనప్పుడు రాసిన రెండు రోజుల రీడింగులు పోయాయి. మామ ఏమీ అనలేదు. ఫీడ్ కంపెనీ వాళ్లిచ్చిన క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నవి చూసి మళ్లీ ఎక్కించాడు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువైంది.

కాబట్టి ఇలా చేయండి. కంప్యూటర్లో చివరగా రాసిన మూడు నోట్సు పేర్లు చూసుకుని, అవే ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో తెరవండి. పేరు కనిపిస్తే చాలదు, చివరి లైను కూడా ఉందో లేదో చూడాలి. సింక్ గుర్తు పచ్చగా ఉందన్న భరోసా నాకు సరిపోదు, కళ్లతో చూస్తాను. తర్వాత ఫైల్ మెనూలోనో సెట్టింగ్స్‌లోనో ఎక్స్‌పోర్ట్ ఉంటుంది. యాప్ సొంత ఫార్మాట్‌లో ఒకటి, మామూలుగా తెరుచుకునే హెచ్‌టీఎంఎల్ లేదా మార్క్‌డౌన్‌లో ఒకటి తీసుకోండి. సొంత ఫార్మాట్ తిరిగి ఎక్కించడానికి, రెండోది యాప్ లేకపోయినా చదువుకోవడానికి.

ఇంకొకటి, యాప్ డేటా ఫోల్డరుని మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం. సీ డ్రైవ్‌లో యూజర్స్, అందులో మీ పేరు, అందులో యాప్‌డేటా అనే ఫోల్డరు. అది మామూలుగా కనిపించదు, వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితే కనిపిస్తుంది. లోపల రోమింగ్‌లో గానీ లోకల్‌లో గానీ మీ యాప్ పేరుతో ఫోల్డరు ఉంటుంది. యాప్‌ని పూర్తిగా ఆపాకే కాపీ చేయాలి. నడుస్తుండగా కాపీ చేస్తే సగం రాసిన డేటాబేస్ వస్తుంది, తీరా అవసరమైన రోజు తెరుచుకోదు. పూర్తిగా ఆపడం ఎలాగో కాస్త కిందికెళ్తే ఉంది, అదీ కనిపించినంత సులువు కాదు.

ఆబ్సిడియన్ లాంటివి వాడేవాళ్లకి ఈ బాధ తక్కువ. అందులో నోట్సన్నీ మీరు చూపించిన ఫోల్డరులో మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి, రాసుకోవడానికి ఖాతా కూడా అక్కర్లేదు. ఆ ఫోల్డరు కాపీ చేసుకుంటే అయిపోయినట్టే.

టాస్క్ మేనేజర్ ముందు పదిహేను నిమిషాలు

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. యాప్ పేరు పక్కనున్న బాణం నొక్కితే అదే పేరుతో ఐదో ఆరో వరసలు పడతాయి. చూసి వైరస్ అనుకుని భయపడేవాళ్లున్నారు. ఏం కాదు. ఇప్పటి నోట్స్ యాప్‌లలో చాలావాటికి అడుగున ఉన్నది ఎలక్ట్రాన్. 2013లో గిట్‌హబ్ వాళ్లు ఆటమ్ షెల్ అనే పేరుతో మొదలుపెట్టారు, 2015లో ఎలక్ట్రాన్ అయింది. నోషన్, ఆబ్సిడియన్, జాప్లిన్ అన్నీ దాని మీదే. అంటే యాప్ తెరిచిన ప్రతిసారీ లోపల ఒక క్రోమియం బ్రౌజర్ కూడా తెరుచుకుంటోంది. బ్రౌజర్‌కి ఎన్ని ముక్కలుంటాయో దీనికీ అన్నే. ఒకటి మొత్తాన్ని నడిపేది, ఒకటి బొమ్మ గీసేది, ఒకటి నెట్ చూసుకునేది, విండోకో రెండరర్.

ఏ ముక్క తింటోందో తెలియాలంటే డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్లి, పైనున్న కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్ కాలమ్స్‌లో కమాండ్ లైన్ అన్నదానికి టిక్ పెట్టండి. ఒక్కో వరసకి ఎదురుగా పొడుగాటి లైను వస్తుంది. అందులో టైప్ అన్న మాట తర్వాత ఏముందో చూడండి. రెండరర్ అని ఉంటే మీరు చూస్తున్న పేజీ. జీపీయూ ప్రాసెస్ అని ఉంటే బొమ్మ గీసే ముక్క. యుటిలిటీ అని ఉంటే ఎక్కువగా నెట్ పని. టైప్ అన్న మాటే లేని వరస పెద్ద దిక్కు.

ఇప్పుడు మూడుసార్లు అంకెలు కాగితం మీద రాయండి. యాప్ తెరిచిన వెంటనే ఒకసారి, ఏమీ ముట్టుకోకుండా పదిహేను నిమిషాలాగి ఒకసారి, గంటసేపు మామూలుగా పని చేశాక ఒకసారి. సీపీయూ, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ నాలుగూ రాయాలి. తెరిచిన వెంటనే గోల ఎక్కువగా ఉండటం మామూలే, డీజిల్ ఇంజను స్టార్టయ్యేటప్పుడు పొగ వదిలినట్టు. పదిహేను నిమిషాల తర్వాత అంకె ముఖ్యం. చేతులు కట్టుకుని కూర్చున్నా సీపీయూ దిగకపోతే అప్పుడు వెతకాలి. మా మామ మెషీన్లో సీపీయూ దిగింది గానీ డిస్క్ మాత్రం వందకి అతుక్కుపోయింది. అదే అసలు గుర్తు. ఆ రోజు నేను దాన్ని పట్టించుకోలేదు.

ఏ అంకె పెరిగితే ఎటు పోవాలి

రెండరర్ సీపీయూ తింటుంటే ఒక ఖాళీ నోట్ కొత్తగా తెరిచి చూడండి. వెంటనే దిగిపోతే తప్పు యాప్‌ది కాదు, ఇందాక తెరిచి ఉన్న నోట్‌ది. ఇక్కడ ఫొటోల లెక్క ఒకటి చెప్పాలి, చాలామందికి తెలియదు. ఫోన్‌లో తీసిన 12 మెగాపిక్సెల్ ఫొటో ఫైలుగా నాలుగైదు ఎంబీ ఉంటుంది. తెర మీద చూపించడానికి యాప్ దాన్ని విప్పాలి. ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు, 4000 ఇంటు 3000 ఇంటు 4, అంటే 48 ఎంబీ. ఇరవై ఫొటోలు విప్పితే 960 ఎంబీ. మామ రెండో గుంట నోట్ తెరిస్తే కల్చర్ మొదలైన నాటి నుంచి చెక్ ట్రే ఫొటోలన్నీ ఒకే నోట్‌లో, ఒకదాని కింద ఒకటి. 4 జీబీ మెషీన్ ఎక్కడ తట్టుకుంటుంది?

వారానికో నోట్ చేయించాను. ఫొటోలు 1600 ఇంటు 1200కి తగ్గించి ఎక్కించమన్నాను. అప్పుడు విప్పినా ఒక్కోటి 8 ఎంబీ లోపే. చెక్ ట్రేలో రొయ్య గట్టి షెల్లా, లూజ్ షెల్లా, గట్ (పేగు) నిండిందా లేదా చూడటానికి ఆ సైజు చాలు. పీడీఎఫ్‌లకీ ఇదే కథ. నోట్‌లోనే పేజీలన్నీ పరిచి చూపించే బదులు అటాచ్‌మెంట్‌గా ముడిచి పెట్టే ఏర్పాటు కొన్ని యాప్‌లలో ఉంటుంది, ఉంటే అది పెట్టుకోండి.

ఖాళీ నోట్‌లోనూ దిగకపోతే ప్లగిన్లని, అంటే యాప్‌కి మనం అదనంగా తగిలించిన చిన్న ప్రోగ్రాంలని, అనుమానించాలి. ఆబ్సిడియన్‌లో రెస్ట్రిక్టెడ్ మోడ్ ఆన్ చేస్తే బయటి ప్లగిన్లన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. జాప్లిన్‌లో హెల్ప్ మెనూలో సేఫ్ మోడ్ ఉంది. అన్నీ ఆపాక బాగుంటే సగం ఆన్ చేయండి. బాగుంటే తప్పు మిగతా సగంలో ఉన్నట్టు. దాన్ని మళ్లీ సగం. పదహారు ప్లగిన్లున్నా నాలుగు సార్లలో దొంగ దొరుకుతాడు.

కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ఒకటి రెండు రోజులు సీపీయూ ఎక్కువుంటే కంగారు పడొద్దు. నోట్సన్నీ దించుకుని, వెతకడానికి వీలుగా ఇండెక్స్ కట్టుకుంటూ ఉంటుంది. రాత్రి స్లీప్ ఆపేసి వదిలేయండి. మూడో రోజుకీ అలాగే ఉంటే అప్పుడు చూద్దాం.

జీపీయూ ప్రాసెస్ పెరిగితే యాప్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సెలరేషన్ (బొమ్మ గీసే పనిని గ్రాఫిక్స్‌ చిప్‌కి అప్పగించడం) ఆపి, యాప్ మూసి తెరవండి. పాత బోర్డుల మీదుండే గ్రాఫిక్స్‌కి డ్రైవర్ సరిగ్గా లేనప్పుడు ఇది పనిచేస్తుంది. ఆపాక రెండరర్ సీపీయూ పెరిగిందంటే తిరిగి ఆన్ చేసేయండి. దీన్ని ప్రతి మెషీన్‌లోనూ కళ్లు మూసుకుని ఆపేసే మెకానిక్‌లున్నారు, నేనూ చేశాను. మంచి గ్రాఫిక్స్ ఉన్న మెషీన్‌లో అది ఉన్న బలాన్ని చేజేతులా తీసేయడమే.

మెమరీ సంగతి వేరు. ఎక్కువగా ఉండటం జబ్బు కాదు, పెరుగుతూ పోవడం జబ్బు. నా అనుభవంలో ఈ యాప్‌లు 300 నుంచి 600 ఎంబీ తీసుకుని అక్కడ నిలబడతాయి. ఒకే నోట్ తెరిచిపెట్టి, ముట్టుకోకుండా, అరగంటకోసారి అంకె రాయండి. 400, 410, 405 అని ఉంటే అది దాని తిండి, వదిలేయండి. 400, 550, 800 అని పోతూ దిగకపోతే లీక్, అంటే వాడేసిన మెమరీని యాప్ వదలడం లేదు. యాప్ అప్‌డేట్ చేయడం, అప్పటికీ తగ్గకపోతే కంపెనీకి రాయడం తప్ప మన చేతిలో ఏమీ లేదు. పూటకోసారి యాప్ ఆపి తెరవడం మందు కాదు గానీ, పని నడుస్తుంది.

డిస్క్ వంద దగ్గర ఆగిపోతే

పాత మెషీన్లలో ఎక్కువగా వచ్చే రోగం ఇదే. టాస్క్ మేనేజర్ అంకె చెప్తుంది గానీ ఏ ఫైలో చెప్పదు. దానికి రిసోర్స్ మానిటర్ తెరవాలి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్తే విండోస్ 10లో అడుగున, విండోస్ 11లో పైన మూడు చుక్కల్లో దాని లింకు ఉంటుంది. డిస్క్ ట్యాబ్‌లో డిస్క్ యాక్టివిటీ అన్న భాగం విప్పి, రాతల లెక్క చూపించే రైట్ (Write) కాలమ్ పేరు మీద నొక్కితే ఎక్కువ రాస్తున్న ఫైలు పైకి వస్తుంది.

పైన పేజ్‌ఫైల్ కనిపిస్తే ర్యామ్ చాలడం లేదని అర్థం. మెషీన్ డిస్కునే ర్యామ్‌లా వాడుకుంటోంది. డిస్క్ వందకి చేరినా తక్కువైంది ర్యామే. 8 జీబీ చేసి, హార్డ్ డిస్క్ తీసి, తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ వేయండి. ఈ రెండూ చేయకుండా సెట్టింగులతో కుస్తీ పట్టడం ఓటి కుండలో నీళ్లు పోసినట్టే. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్ చాలని రాసి ఉంటుంది, అది విండోస్ లేచి నిలబడటానికి చాలుతుంది, నడవడానికి కాదు.

పైన వైరస్‌లు వెతికే యాంటీమాల్‌వేర్ సర్వీస్ కనిపిస్తే స్కాన్ నడుస్తోంది, కాసేపాగండి. యాప్ ఫోల్డరులోని ఫైళ్లే పైన కనిపిస్తే సింకో, ఇండెక్సో. అది ఒకసారైతే సరే, రోజూ పొద్దున్నే అదే తంతైతే ఆలోచించాలి. మామ మెషీన్లో రోజూ అదే. ఫొటోలన్నీ ప్రతి ఉదయం మళ్లీ మొదటి నుంచి దిగుతున్నాయి. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద డేటా యూసేజ్ చూస్తే ఏ యాప్ ఎంత నెట్ వాడిందో ఉంటుంది. మన నోట్స్ యాప్ అన్నిటికన్నా పైన ఉంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే షెడ్డు అది. "తొమ్మిదింటికే నెట్ అయిపోతా ఉండాది" అని మామ ఎప్పటినుంచో చెప్తున్నాడు, నేను యూట్యూబ్ వల్ల అనుకున్నాను.

ఎక్స్ నొక్కితే పోయిందనుకోకండి

కిటికీ మూసుకుంటుంది, మనిషి ఇంట్లోనే ఉంటాడు. చాలా యాప్‌లు గడియారం పక్కనున్న చిన్న బాణం కింద దాక్కుంటాయి. ఆ బాణం నొక్కి, గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, క్విట్ లేదా ఎగ్జిట్ అనాలి. తర్వాత టాస్క్ మేనేజర్‌లో ఆ పేరు లేదని చూసుకోవాలి. ఇంకా ఉంటే ఎండ్ టాస్క్. సింక్ నడుస్తున్నప్పుడు మాత్రం ఎండ్ టాస్క్ కొట్టొద్దు. సెట్టింగ్స్‌లో మూసినా వెనక నడుస్తూ ఉండమనే టిక్ తీసేయొచ్చు. టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో, కంప్యూటర్‌తో పాటే లేచే జాబితాలోంచి కూడా ఆపొచ్చు. ఆ జాబితాని ఒకసారి పై నుంచి కింద దాకా చదవండి. మా కథకి ముగింపు అక్కడే దొరికింది.

లాగౌట్‌కి ఒక డైరీ పెట్టండి

"ఊరికే లాగౌట్ అయిపోతోంది" అంటే ఏమీ దొరకదు. ఎప్పుడు అయిందో, దానికి ముందు ఏం జరిగిందో వారం రోజులు రాయండి. కరెంటు పోయిందా, మెషీన్ రీస్టార్ట్ అయిందా, ఫోన్‌లో పాస్‌వర్డ్ మార్చారా, ఎవరైనా పెన్‌డ్రైవ్ పెట్టారా.

లాగిన్ అంటే లోపల జరిగేది ఇది. పాస్‌వర్డ్ కొట్టగానే సర్వర్ ఒక టోకెన్ ఇస్తుంది. తిరుమలలో టైం స్లాట్ టోకెన్ లాంటిదే, దాని మీద ఏ టైం వరకో ఉంటుంది. అది కాస్తసేపే చెల్లుతుంది. దాంతోపాటు, అది చెల్లిపోయాక కొత్తది తెచ్చుకోవడానికి ఇంకొక పొడుగు కాలం టోకెన్ కూడా ఇస్తుంది. యాప్ ఆ రెండిటినీ డిస్కు మీద దాచుకుంటుంది. లాగౌట్ అయిందంటే దాచిన చోట అది లేకుండా పోయిందనో, ఉన్నా తాళం తెరుచుకోలేదనో, సర్వర్ ఇక చెల్లదని చెప్పిందనో. డైరీలో ఏముందో చూస్తే ఈ మూడిట్లో ఏదో తెలిసిపోతుంది.

రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ అడుగుతుంటే టోకెన్ పోతోందని లెక్క. చిన్న పరీక్ష ఉంది. లాగిన్ అవ్వండి, యాప్‌ని మాత్రం క్విట్ చేసి తెరవండి. అక్కడే లాగిన్ అడిగితే యాప్ రాసుకోలేకపోతోంది. సీ డ్రైవ్ ఎర్రగా ఉందేమో చూడండి, జాగా లేకపోతే రాసేదెక్కడ? కనీసం పది పదిహేను జీబీ ఖాళీ చేయండి. అలాగే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి ఒకటి, వెబ్‌సైట్ నుంచి ఒకటి, రెండు కాపీలు ఇన్‌స్టాలై ఉన్నాయేమో చూడండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి తెరుస్తూ లాగౌట్ అయిందని తిట్టుకునేవాళ్లని చూశాను.

క్విట్ చేసి తెరిస్తే బాగుండి, మెషీన్ రీస్టార్ట్ చేస్తే పోతుంటే మధ్యలో వేలు పెడుతున్నవాడు వేరే ఉన్నాడు. మొదట గడియారం చూడండి. గుంటల దగ్గర కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, బోర్డు మీదుండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎప్పటికో వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే సైట్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపిస్తాయి, టోకెన్ మీదున్న టైమూ లెక్క కుదరదు. విండోస్ సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైం దగ్గర సింక్ నౌ నొక్కండి, బిళ్ల మార్చండి. రెండోసారి వెళ్లినప్పుడు మామ మెషీన్లో ఇదే కనిపించింది. బిళ్ల మార్చి, పనైపోయిందని పులుసన్నం తినొచ్చాను. మర్నాడు పొద్దున ఆరింటికి ఫోన్. "అడగతానే ఉండాది అల్లుడా."

మూడోసారి స్టార్టప్ జాబితా చదివాను. అందులో ఒక క్లీనర్ ప్రోగ్రాం. మెషీన్ లేవగానే కుకీలు, క్యాష్ (యాప్‌లు దాచుకున్న తాత్కాలిక కాపీలు), "అనవసరమైన" ఫైళ్లు ఊడ్చేసే రకం. దాని సెట్టింగులు తెరిస్తే నోట్స్ యాప్ ఫోల్డరు మీదా టిక్ ఉంది. టోకెన్ ఉండేది ఆ ఊడ్చిన చోటే. దించిన ఫొటోలుండేదీ అక్కడే. రోజూ పొద్దున అది ఊడ్చేది, యాప్ లాగిన్ అడిగేది, లాగిన్ అవగానే మొత్తం మళ్లీ దించుకునేది, డిస్క్ వందకి పోయేది, హాట్‌స్పాట్ ఖాళీ అయ్యేది. మెషీన్ స్లో అయిందని ఆ క్లీనర్ పెట్టిన మహానుభావుడు ఎవరని అడిగాను.

"నువ్వే కదరా, పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు."

దాన్ని తీసేసి, కొత్తగా ఒకసారి మొత్తం దిగేదాకా రాత్రంతా వదిలేశాం. మర్నాడు లాగిన్ అడగలేదు. విండోస్‌లోనే ఉన్న స్టోరేజ్ సెన్స్ చాలు, వేరే క్లీనర్ అక్కర్లేదన్నది అప్పటినుంచి నా అభిప్రాయం.

ఇక తాళం తెరుచుకోని సందర్భాలు. ఎలక్ట్రాన్ యాప్‌లు టోకెన్‌ని విండోస్ ఇచ్చే తాళంతో దాచుకోగలవు, ఆ తాళం మీ విండోస్ లాగిన్‌తో ముడిపడి ఉంటుంది. మీ పాస్‌వర్డ్ మీరే మార్చుకుంటే ఏమీ కాదు. మర్చిపోతే ఇంకెవరో అడ్మిన్ ఖాతా నుంచి రీసెట్ చేశారనుకోండి, పాత తాళం పనికిరాదు, దాచినవన్నీ పోతాయి. ఇది ఒకసారి జరిగి ఆగిపోతుంది. విండోస్ ఎప్పుడైనా టెంపరరీ ప్రొఫైల్‌తో తెరుచుకున్నా అంతే, డెస్క్‌టాప్ ఖాళీగా కొత్తగా కనిపిస్తే అందులో ఒక్క అక్షరం రాయకుండా రీస్టార్ట్ చేయండి. విండోస్ బదులు ఉబుంటు లాంటివి వాడేవాళ్లు ఆటోమేటిక్ లాగిన్ పెట్టుకుంటే, తాళాలు దాచే కీరింగ్ తెరుచుకోక ఇదే ఇబ్బంది వస్తుంది.

సర్వర్ కాదన్న సందర్భాలు తేలిక. ఫోన్‌లో పాస్‌వర్డ్ మార్చిన కాసేపటికే కంప్యూటర్లో బయటికి వచ్చారంటే అది సరైన పనే. సరిగ్గా ఇన్ని రోజులకోసారి అడుగుతుంటే అది వాళ్ల నియమం, ఆఫీసు ఖాతాలకి అడ్మిన్ పెట్టింది కూడా కావచ్చు. రోజూ ఏదో టైంకి అవుతుంటే బ్రౌజర్‌లో ఖాతా తెరిచి పరికరాల జాబితా చూడండి. మామ ఖాతాలో ఒకే కంప్యూటర్ పేరు వరసగా దిగుడుమెట్లలా పడి ఉంది, లాగిన్ అయిన ప్రతిసారీ కొత్తదిగా నమోదైంది. పరికరాలకి పరిమితి ఉన్న ప్లాన్‌లో ఇలా నిండిపోతే పాతవి బయటికి నెట్టబడతాయి. పాతవన్నీ తీసేయండి.

ఇంకొక చికాకు ఉంది. బ్రౌజర్‌లో లాగిన్ అయింది అంటుంది, యాప్ మాత్రం మొహం తెలియనట్టు లాగిన్ పేజీలోనే ఉంటుంది. బ్రౌజర్ ఆ టోకెన్‌ని ఒక ప్రత్యేక లింకు ద్వారా యాప్‌కి అందించాలి, ఆ లింకు తెగింది. "ఈ యాప్ తెరవాలా" అన్న పెట్టెని వద్దని మూసేసి ఉంటారు. డిఫాల్ట్ బ్రౌజర్ మార్చి ఒకసారి ప్రయత్నించండి, లేదా విండోస్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ యాప్స్ కింద లింకు రకాల జాబితాలో మీ యాప్ ఉందో లేదో చూడండి.

అప్పటికీ కాకపోతే

యాప్ పూర్తిగా ఆపి, దాని డేటా ఫోల్డరులో క్యాష్, కోడ్ క్యాష్, జీపీయూ క్యాష్ అనే మూడు ఫోల్డర్లు తీసేయండి, అవి మళ్లీ పుడతాయి. ఇండెక్స్‌డ్ డీబీ, లోకల్ స్టోరేజ్ జోలికి పోవద్దు, మీ నోట్సు ఉండేది అందులోనే కావచ్చు. నెట్‌వర్క్ అనే ఫోల్డరులోని కుకీస్ తీస్తే లాగిన్ పోతుంది, తెలిసి తీస్తే తప్పు లేదు.

తర్వాత పరీక్ష నాకు చాలా ఇష్టం. విండోస్‌లో కొత్త యూజర్‌ని సృష్టించి, అందులో యాప్ తెరిచి లాగిన్ అవ్వండి. రెండు రోజులు అక్కడ బాగుంటే పాత ప్రొఫైల్‌లో ఏదో చెడింది. అక్కడా అదే గోలైతే మెషీనో, ఖాతానో. ఎక్కడ వెతకాలన్నది సగానికి సగం తగ్గిపోతుంది.

అన్‌ఇన్‌స్టాల్ చేసి వేయడం ఆఖరున. చాలాసార్లు అన్‌ఇన్‌స్టాల్ అన్నది యాప్‌డేటాలోని ఫోల్డరుని ముట్టుకోదు, కాబట్టి పాత చెత్త మీదే కొత్త యాప్ కూర్చుంటుంది. నిజంగా కొత్తగా కావాలంటే ఆ ఫోల్డరు పేరు మార్చండి, తీసేయొద్దు. ఇంకా విండోస్ 7 మీద ఉంటే ఇవేవీ ఎక్కువ ఉపయోగపడవు. 2023లో వచ్చిన ఎలక్ట్రాన్ 23 నుంచి విండోస్ 7, 8 మీద నడవదు, అంటే మీకు దొరికేది పాత యాపే. విండోస్ 10కి కూడా మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది.

కంపెనీకి రాసేటప్పుడు "పనిచేయడం లేదు" అని రాస్తే "రీస్టార్ట్ చేయండి" అని జవాబు వస్తుంది. యాప్ వెర్షన్, విండోస్ వెర్షన్, ర్యామ్, మీరు రాసిన మూడుసార్ల అంకెలు, ఏ ముక్క తింటోందో, లాగౌట్ అయిన తేదీ టైము రాయండి. హెల్ప్ మెనూలో లాగ్ ఫైలు దొరుకుతుంది. పంపేముందు తెరిచి చూడండి, అందులో మీ ఈమెయిలు, నోట్సు పేర్లు ఉండొచ్చు. దాన్ని నలుగురూ చూసే చోట పెట్టొద్దు.

నలుగురూ వాడే కంప్యూటరైతే

ఇక్కడ సమస్య తిరగబడుతుంది. లాగౌట్ అయిపోవడం కాదు, అవకపోవడం. పోటీ పరీక్షలకి చదివే పిల్లలు హాస్టల్‌లోనో నెట్ సెంటర్‌లోనో ఒకే మెషీన్ మీద నోట్సు రాసుకుంటారు. ఎక్స్ నొక్కి లేచి వెళ్లిపోతారు. తర్వాత కూర్చున్నవాడికి గడియారం పక్కన గుర్తు మీద ఒక్క నొక్కు చాలు.

అలాంటి చోట డెస్క్‌టాప్ యాప్ వాడొద్దనే చెప్తాను, బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి వాడుకోండి. తప్పనిసరై యాప్ వాడితే ముందు సింక్ అయిందో లేదో ఫోన్‌లో చూసుకోండి, లాగౌట్ చేయండి, గడియారం పక్కనున్న గుర్తు నుంచి క్విట్ చేయండి, యాప్‌డేటాలో మీ ఫోల్డరు ఇంకా ఉందేమో తెరిచి చూడండి. కొన్ని యాప్‌లు లాగౌట్ తర్వాత కూడా డేటా అక్కడే వదిలేస్తాయి, ఉంటే తీసేయండి. మర్చిపోయి బస్సెక్కేశారా, ఫోన్ బ్రౌజర్‌లో ఖాతా తెరిచి పరికరాల జాబితాలో ఆ కంప్యూటర్‌ని తీసేయండి, పాస్‌వర్డ్ కూడా మార్చండి. ఆ మెషీన్‌కి నెట్ తగిలిన తర్వాతే అది బయటికి వస్తుందన్నది గుర్తుంచుకోండి. నెట్ లేకపోతే అప్పటిదాకా దిగిన నోట్సు తెర మీద అలాగే ఉంటాయి.